కుళాయిలో ఈకలు

పిల్లలు ఆమెకి బొమ్మలక్క అని పేరు పెట్టారు. అందుకు రెండు రోజులు కూడా తీసుకోలేదు. చేతిలో ఏడు బొమ్మల అట్టలు పెట్టుకుని, ఒక్కొక్కరినీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇది ఏడాది తర్వాత ఏమవుతుంది?" అని అడిగి, ఏం చెప్పినా అవుననకుండా కాదనకుండా రాసుకునే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

ఆ ఏడు అట్టల కోసం ఆమె రెండున్నరేళ్లు తల బద్దలు కొట్టుకుంది. రాలిన ఆకు, కూలిన చెట్టు మొద్దు, సగం కొరికిన ఆపిల్, చచ్చిన పక్షి, ఎముక, కాగితం, ప్లాస్టిక్ సీసా. చచ్చినవీ పారేసినవీ మళ్లీ మట్టిలో ఎలా కలుస్తాయో, వాటిని కుళ్లబెట్టే కంటికి కనిపించని జీవులు ఉంటాయని పదేళ్ల పిల్లలకి ఎంతవరకు తెలుసో కనుక్కోవడం ఆమె డాక్టరేట్ పని. అరవై మంది పిల్లలు. వాళ్లు చెప్పిన ప్రతి జవాబూ నాలుగు గళ్లలో ఏదో ఒకదాంట్లో పడాలి: సరైన అవగాహన, సగం అవగాహన, తప్పు అవగాహన, జవాబు లేదు. ఆ గళ్లు గీసింది ఆమె గైడు.

ఆ బడి, బస్సులు తిరిగే రోడ్డు మీద ఉన్న మూడంతస్తుల పాత భవనం. ఆమెకి కింద సామాన్ల గది ఇచ్చారు. కాలు విరిగిన బల్లలు, స్టాండు పోయి నేల మీద దొర్లే గ్లోబు, ఏనాటివో తెలియని మందునీళ్లలో తెల్లగా పాలిపోయిన కప్పలున్న గాజు సీసాలు. వాటి మధ్య ఒక చిన్న బల్ల, రెండు కుర్చీలు. రోజూ పొద్దున్నే ఆయా స్టీలు జగ్గు నిండా నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, పైన గ్లాసు బోర్లించి వెళ్లేది. రోజంతా మాట్లాడే పని. మధ్యాహ్నానికల్లా జగ్గు ఖాళీ అయ్యేది.

మొదటి రోజు జవాబులన్నీ పుస్తకాల్లో చదివినట్టే వచ్చాయి. ఆకుని ఊడ్చేస్తారు. ఆపిల్‌ని చీమలు తినేస్తాయి. పక్షి దేవుడి దగ్గరికి వెళ్తుంది. రెండో రోజు ఒక సన్నటి పిల్ల వచ్చింది. నడకలోనూ రాతలోనూ మాటలోనూ నింపాది కాబట్టి క్లాసంతా ఆమెని నత్త అనేవారు. అలా పిలిస్తే ఆ పిల్ల కూడా ఏమీ అనుకోకుండా పలికేది.

నాలుగో అట్ట, చచ్చిన పక్షి బొమ్మ, చూపించగానే నత్త ఆలోచించలేదు.

"మెత్తబడుతుంది," అంది. కాసేపాగి, "ఈకలు ఊడిపోతాయి."

బొమ్మలక్క రాసుకుంది. "తర్వాత?"

"తర్వాత కుళాయిలోంచి వస్తుంది."

కలం ఆగింది. "ఏది వస్తుంది?"

"పక్షి."

"మొత్తం పక్షా?"

నత్త ఆమె వంక జాలిగా చూసింది. "మొత్తం ఎలా పడుతుందక్కా అందులో? కొంచెం కొంచెంగా."

ఇలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఆమె కాగితం మీద అచ్చేసి ఉంది. "అలా అని ఎందుకు అనుకుంటున్నావు?"

"అనుకోవట్లేదు," అంది నత్త. "వస్తుంది."

మూడో గడిలో టిక్కు పడింది. తప్పు అవగాహన.

వారం తిరిగేసరికి ఇరవై నాలుగు మందిని అడగడం అయింది. అందులో పదకొండు మంది కుళాయి మాట చెప్పారు. అందరూ పై అంతస్తు సెక్షన్ పిల్లలే. ఒకడు ఈకలన్నాడు, ఒకతె గోళ్లంది, ఇంకొకతె వాసన మాత్రమే వస్తుందంది. బొమ్మలక్క సంతోషం పట్టలేక బస్సులో నిలబడే ఆ కాగితాలు మళ్లీ మళ్లీ చదువుకుంది. ఇన్ని దేశాల్లో ఇన్ని వేలమంది పిల్లల్ని ఎవరెవరో అడిగారు. ఎవరికీ ఇలాంటి జవాబు రాలేదు.

గైడు అయితే కుర్చీలోంచి లేచాడు. పొడుగాటి మనిషి. ఎప్పుడూ అత్తరు వాసన వేసే చేతిరుమాలుతో మూతి ఒత్తుకుంటూ మాట్లాడతాడు.

"పంట పండిందమ్మా నీకు! చూశావా, పదార్థం ప్రకృతిలో తిరగడాన్ని ఆ పసిమనసు గొట్టాల వ్యవస్థగా ఊహించుకుంటోంది. దీనికి పేరు పెడదాం. ప్రత్యక్ష ప్రవాహ భావన. ఎలా ఉంది?"

"బాగుంది సార్. కానీ అందరూ ఒకే సెక్షన్ వాళ్లు."

"ఒకడి ఊహ ఇంకొకడికి అంటుకుంటుంది. అదీ రాద్దాం. సదస్సుకి పంపిస్తాను."

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆమె, అన్నయ్య, వదిన. వదిన ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియను. మాట పుల్లవిరుపే గాని మనసులో ఏదీ దాచుకోదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర బొమ్మలక్క గుక్క తిప్పుకోకుండా తన సంగతంతా చెప్పింది. వదిన నములుతూ విని, "పిల్లలు ఈకలొస్తున్నాయంటే ఈకలొస్తున్నాయేమోనే," అంది.

"అలా కాదు వదినా. అది వాళ్ల మనసులో ఉన్న నమూనా."

"నమూనా అంటే మా దగ్గర సీసాలో పోసి తెచ్చేది. నీళ్లు తెచ్చావా మరి?"

అన్నయ్య నవ్వాడు. బొమ్మలక్క మూతి ముడుచుకుంది. వదిన మాత్రం పక్కనే ఉన్న కాగితం లాక్కుని చూస్తోంది.

"ఇదేంటి? నమూనా నష్టం, ఐదుగురు. వీళ్లేమయ్యారు?"

"బడికి రాలేదు. కడుపునొప్పులట. వస్తే అడుగుతాను, లేకపోతే లెక్కలోంచి తీసేస్తాం."

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఐదుగురికీనా? ఏ సెక్షనూ?"

"పై సెక్షన్."

"భోజనం దగ్గర ఇవేం మాటలర్రా," అన్నాడు అన్నయ్య. అక్కడితో ఆ మాట ఆగింది. కానీ బొమ్మలక్కకి అది పంటి కింద రాయిలా తగిలింది.

మర్నాడు విరామం గంట కొట్టాక ఆమె నత్తని పక్కకి పిలిచింది. నిబంధన ప్రకారం అలా పిలవకూడదు. "నువ్వు చెప్పావే, కుళాయి. ఎక్కడుందో చూపిస్తావా?"

నత్త ఆమెని పై అంతస్తు వరండా చివరికి తీసుకెళ్లింది. గోడకి నాలుగు కుళాయిలు. మూడింటికి తలలు లేవు. నాలుగోదాని మూతికి తెల్లటి మేజోడు ఒకటి తొడిగి, దారంతో కట్టి ఉంది. తెల్లదని కుట్టు దగ్గర తెలుస్తోంది. మిగతాదంతా టీ రంగు. నత్త తొందరపడకుండా ముడి విప్పి, మేజోడు తిరగేసి, అరచేతిలో దులిపి చూపించింది.

ఉండకట్టిన బూడిదరంగు నూగు. రెండు సన్నటి ఈక కాడలు. జిగటగా మెరుస్తున్న, పొర లాంటిదేదో. వాటి మధ్య వంకీ తిరిగిన నల్లటి గోరు.

"ఇవాళ తక్కువే," అంది నత్త. "సోమవారం పొద్దున ఎక్కువొస్తాయి. శని ఆదివారాలు ఎవరూ తాగరు కదా. ఈ వారం ఉతికే వంతు నాదే."

బొమ్మలక్క ఒక అడుగు వెనక్కి వేసింది. "టీచరుకి చెప్పలేదా?"

"చెప్పాం. తిప్పగానే తాగకండి, కాసేపు వదిలేసి తాగండి అన్నారు."

"ఆయాకి?"

"ఆయాకి తెలుసు. మేజోడు ఇచ్చింది ఆవిడే."

"మరి కింది సెక్షన్ వాళ్లు?"

"వాళ్లు గేటు దగ్గర పంపు కొట్టుకుంటారు. అది గట్టిది. ఆయాకి భుజంనొప్పి, కొట్టలేదు."

సామాన్ల గది, బల్ల, స్టీలు జగ్గు బొమ్మలక్క కళ్ల ముందు మెదిలాయి. నత్తకి సంగతి అర్థమైనట్టుంది. ఓదార్పుగా, "మీకు కూడా వడగట్టే పోస్తుందిలే అక్కా," అంది.

ఆయా మేడ మెట్ల కింద చీపుర్లు సర్దుకుంటోంది. డాబా మీద నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్లమంటే చాలాసేపు నీళ్లు నమిలింది. "చూస్తే మళ్లీ తాగలేవు తల్లీ," అంది. "మూడుసార్లు చెప్పాను పెద్ద టీచరుకి. మూడోసారి నా దగ్గర తాళంచెవి లాగేసుకుంది." చివరికి లేచింది. డాబా తలుపుకి తాళమైతే ఉంది గాని, ఆ తలుపే గోడకి సరిగ్గా లేదు. ఆయా భుజంనొప్పి మరిచి దాన్ని బందుల దగ్గర ఎత్తి పక్కకి జరిపింది.

నాలుగు స్తంభాల మీద సిమెంటు తొట్టి. పక్కన ఇనప మెట్లు. మూత సగం విరిగిపోతే ఆ సగం మీద ఎవరో చెక్క వేశారు, ఆ చెక్క కూడా ఎండకి మెలితిరిగి జరిగిపోయింది. నాలుగో మెట్టు దగ్గరే వాసన ముక్కుని పట్టుకుంది. తీపి కలిసిన కుళ్లు. బొమ్మలక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తొంగి చూసింది.

నీళ్ల మీద కాగి చల్లారిన పాలమీగడలా బూడిదరంగు తెట్టె. అందులో పావురాలు. ఒకటి కొత్తది, రెక్కలు చాపుకుని ఎగురుతున్నట్టే తేలుతోంది. రెండోది ఉబ్బి, మెడ సంచీలా వేలాడుతోంది, పొట్ట దగ్గర తెల్లగా కదులుతోంది. ఆ కదలిక పావురానిది కాదు. మూడోదాన్ని పక్షి అనడానికి లేదు. కాసిని ఎముకలు పట్టుకుని ఉన్న తడి నూగు ముద్ద అది. గాలి వీచినప్పుడల్లా మెల్లగా తిరుగుతూ కొంచెం కొంచెంగా విడిపోతోంది. ఆ అడుగున ఇంకా ఏవో నల్లగా ఉన్నాయి.

ఆమె ఎలా దిగిందో ఆమెకే తెలియదు. పిట్టగోడ పట్టుకుని వాంతి చేసుకుంది. బయటికొచ్చింది చాలావరకు నీళ్లే. అవి ఏ నీళ్లో గుర్తొచ్చి మళ్లీ చేసుకుంది. ఆయా వీపు నిమురుతూ, "నా మాట విన్నావు కాదు," అంటోంది.

మెత్తబడుతుంది. ఈకలు ఊడిపోతాయి. కొంచెం కొంచెంగా వస్తుంది. ఆ పిల్ల వరుస తప్పకుండా చెప్పింది. అడిగిన ఇరవై నాలుగు మందిలో కుళ్లడమంటే ఏమిటో కళ్లారా చూసి, నోటితో రుచి చూసి చెప్పింది ఆ పదకొండు మందే. వాళ్లందరికీ తనే మూడో గడిలో టిక్కు పెట్టింది. పెట్టి, మురిసిపోయింది.

నత్త చూపించిన కుళాయి దగ్గర ఒక సీసా నింపుకుని బొమ్మలక్క నేరుగా పెద్ద టీచరు గదికి వెళ్లింది. పెద్ద టీచరు అంటే ఆ బడికి పెద్ద. బల్ల మీద అద్దం, అద్దం కింద పాత సన్మానాల ఫొటోలు. బొమ్మలక్క చెబుతున్నంతసేపూ ఆవిడ రిజిస్టరు మీద గీతలు కొడుతూనే ఉంది.

"నాకు తెలుసమ్మా. ఆ తొట్టి మాది కాదు, పనుల శాఖ వాళ్లది. రెండు ఉత్తరాలు రాశాను. మనం చెయ్యి వేస్తే రేపు ఏదైనా పగిలితే నా మెడకి చుట్టుకుంటుంది."

"పిల్లలు తాగుతున్నారండీ."

"ఏడాదిగా తాగుతున్నారు. పిల్లల కడుపులు గట్టివి. మనలాంటి వాళ్లకే ఏదైనా అవుతుంది." అంటూ చేతికందేలా పెట్టుకున్న సీసా మూత తిప్పి, శుభ్రంగా మెరిసే నీళ్లు రెండు గుక్కలు తాగింది. "నేనైతే ఇంటి నుంచి తెచ్చుకుంటాను. నీకూ అదే మంచిది."

ఆ గొంతు కిందికీ పైకీ కదలడం చూస్తుంటే బొమ్మలక్కకి డాబా మీద కంటే ఎక్కువ రోత పుట్టింది.

ఆ రాత్రి సీసా వదినకిచ్చి, మర్నాడు గైడు దగ్గరికి వెళ్లేసరికి ఆయన కమలాపండు ఒలుచుకుంటున్నాడు. తొక్క తెగకుండా ఒకే చుట్టగా తీయడం ఆయన సరదా. ఆమె అంతా చెప్పింది. తెల్లగా కదిలిన పొట్ట సంగతి కూడా చెప్పింది. ఆయన ఒక తొన నోట్లో వేసుకుని, "ఇంకా ఎంతమంది మిగిలారు?" అన్నాడు.

"ముప్పై ఆరు మంది."

"అంటే రెండు వారాలు. అది అయ్యాక చెప్పు. నేనే ఉత్తరం రాస్తాను, విశ్వవిద్యాలయం కాగితం మీద."

"రెండు వారాలు వాళ్లు ఆ నీళ్లే తాగాలా సార్?"

"ఏడాదిగా తాగుతున్నారని నువ్వే అన్నావు కదమ్మా. ఇప్పుడు తొట్టి కడిగితే మిగతా పిల్లల జవాబులు మారిపోతాయి. సగం ఒక రకం, సగం ఒక రకం. పరిశోధకుడు క్షేత్రాన్ని కదపకూడదు. మొదటి ఏడాదిలోనే చెప్పాను నీకు."

"అది తప్పు అవగాహన కాదు సార్. నిజం. పక్షి కుళాయిలోంచి వస్తోంది."

"నిజమే అనుకో. మన ప్రశ్న మట్టిలో ఏమవుతుందని. దానికది తప్పు జవాబే." చేతిరుమాలు తీసి వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. ఒక తొన ఆమె వైపు చాపాడు. "తిను. మొహం వాడిపోయింది. నెలాఖరుకి నీ గడువు పొడిగింపు కాగితం మీద నేను సంతకం పెట్టాలి, గుర్తుందిగా?"

ఆమె ఆ తొన తీసుకుంది. తినలేదు. బయటికొచ్చి చెత్తబుట్టలో వేసింది. కానీ తీసుకుంది.

మర్నాడు ఆమె చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తుంది. బడికి వెళ్లింది. సంచీలో ఇంటి నీళ్ల సీసా పెట్టుకుని వెళ్లింది. అట్టలు తీసింది. ఆరుగురిని పిలిచింది. నలుగురు కుళాయి అన్నారు. నాలుగు టిక్కులు పెట్టింది, మూడో గడిలోనే. ఆయా యథాప్రకారం జగ్గు తెచ్చిపెట్టింది, ఆమె కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయింది. జగ్గు అలాగే ఉండిపోయింది.

గొంతు పట్టేసినప్పుడల్లా పిల్లలు లేని సమయం చూసి, బల్ల చాటున వంగి ఒక గుక్క తాగింది. అయిదోసారో ఆరోసారో వంగి లేచేసరికి గుమ్మంలో నత్త. ఎంతసేపట్నుంచి ఉందో. అడుగుల చప్పుడు వినిపించే పిల్ల కాదు కదా.

"మీరు కూడా తెచ్చుకుంటున్నారా అక్కా," అంది. తప్పు పట్టినట్టు కాదు. ఉన్న మాట అన్నట్టు. "పెద్ద టీచరు లాగా."

బొమ్మలక్క పెట్టబోయిన సీసా మూత జారి కింద పడింది. అది దొర్లుకుంటూ గ్లోబు కిందికి పోయింది. నత్త వంగి, నెమ్మదిగా వెతికి తీసి, లంగాకి తుడిచి ఇచ్చింది.

ఆ సాయంత్రం వదిన ల్యాబు నుంచి కాగితం తెచ్చింది. సీసా ఇచ్చి రెండు రోజులయింది. "ఇందులో ఏమేం పెరిగాయో చెబితే నువ్వు వారం రోజులు తినవు," అంది. "అందుకని చెప్పను. ఒక్కటి చెప్తాను. ఇవి మురిక్కాలవలో దొరకాల్సినవి. మా ఆసుపత్రిలో ఆ బడి పిల్లలు ఇద్దరున్నారు, నేను పైకి వెళ్లి చూసొచ్చాను. ఒకడికి సెలైను ఎక్కుతోంది. నువ్వేం చేశావు ఇవాళ?"

బొమ్మలక్క చెప్పింది. ఆరుగురి సంగతి, నాలుగు టిక్కుల సంగతి, బల్ల చాటు సంగతి. వదిన తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతిలో కాగితం బల్ల మీద పెట్టి, "ఛీ," అంది.

శనివారం బడికి సెలవు. వదిన ల్యాబు నుంచి తొడుగులు, మూతికి కట్టుకునే గుడ్డలు, క్లోరిన్ పొడి డబ్బా తెచ్చింది. ఆయా బకెట్లు, పార తెచ్చింది. తలుపు మళ్లీ గోడ నుంచి ఊడింది. ముందు తొట్టి అడుగున ఉన్న గొట్టం విప్పారు. నీళ్లు వెనక గోడ మీదుగా గంటసేపు జారాయి. మొదట బూడిదరంగు, తర్వాత గోధుమరంగు, చివరికి నలుపు. చివర్లో గొట్టానికి ఏదో అడ్డుపడి గుటుక్ గుటుక్‌మని చప్పుడు చేసింది.

"నేను దిగుతాను," అంది ఆయా.

"నువ్వు కాదు," అంది బొమ్మలక్క.

లోపలికి దిగగానే కాళ్లు చీలమండల దాకా మెత్తగా కూరుకుపోయాయి. చుట్టూ సిమెంటు గోడలు, పైన చదరంగా ఆకాశం. వాసనకి కళ్ల నీళ్లు కారాయి. పారతో ఎత్తితే ఎత్తింది నిలవడం లేదు, జారిపోతోంది. చివరికి చేతులతోనే ఎత్తింది. తొడుగులోంచి కూడా ఆ మెత్తదనం తెలుస్తూనే ఉంది. ఒకదాన్ని రెక్క పట్టుకుని లేపితే రెక్క మాత్రమే చేతికొచ్చింది, మిగతాది బొళుక్కున పడి మోకాళ్ల దాకా చిమ్మింది. ఆమె బకెట్ నింపి అందిస్తే ఆయా లాగుతోంది, వదిన కిందికి మోసుకెళ్లి, గోడ పక్కన తవ్విన గోతిలో పోసి పొడి చల్లుతోంది. ఏడు దాకా లెక్కపెట్టారు. తర్వాతవాటికి తలలు లెక్కపెట్టాలో రెక్కలు లెక్కపెట్టాలో తెలియక మానేశారు. ఎవరూ ఒక్క జోకు వేయలేదు, వదినతో సహా.

మధ్యాహ్నం అయ్యేసరికి గోడలు తోమి, రెండుసార్లు కడిగి, రేకు ఒకటి మూతగా వేసి తీగతో బిగించారు. బొమ్మలక్క ఇంటికెళ్లి మూడుసార్లు తలంటుకుంది. రెండు రోజుల దాకా గోళ్లల్లోంచి ఆ వాసన పోలేదు.

సోమవారం పొద్దున ఆమె బడి గేటు బయట నిలబడి, పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులకీ తండ్రులకీ ల్యాబు కాగితం నకళ్లు పంచింది. వెనకవైపు పిల్లల మాటలే రాసింది, పేర్లు లేకుండా: మెత్తబడుతుంది, ఈకలు ఊడతాయి, సోమవారం ఎక్కువొస్తాయి. గంట కొట్టకముందే గేటు దగ్గర గోల మొదలైంది. పెద్ద టీచరు బయటికొచ్చి, ముందుగా బొమ్మలక్కని వేలెత్తి చూపించి, "ఈమె మళ్లీ ఈ గేటు దాటకూడదు," అంది. ఆయాని ఉద్యోగంలోంచి తీసేస్తామని బెదిరించారు గాని, పది మంది తల్లులు ఆఫీసు గది ముందు బైఠాయించేసరికి ఆ మాట ఎత్తడం మానేశారు. పది రోజుల్లో కొత్త తొట్టి వచ్చింది. నెల తిరక్కుండా పెద్ద టీచరుకి బదిలీ అయింది, ఇంతకంటే పెద్ద బడికి. పూలగుచ్ఛం ఇచ్చి పంపించారు.

గైడు అరవలేదు. "పోనీలే, ముప్పై మంది చాలు," అన్నాడు. "పదిహేను మందికి ఆ భావన ఉంది. సరిగ్గా సగం. సంఖ్య అందంగా ఉంది."

"ఆ పదిహేను మందినీ మొదటి గడిలోకి మార్చాను సార్. సరైన అవగాహన."

"అలా మార్చిన పత్రం నా పేరుతో సదస్సుకి పోదు."

"మార్చనిది నా పేరుతో పోదు."

"అయితే నీ పేరు తీసేద్దాం," అన్నాడు ఆయన చేతిరుమాలుతో మూతి ఒత్తుకుంటూ, ఉపకారం చేస్తున్నట్టు.

సదస్సు రోజున ఆమె మూడో వరసలో కూర్చుంది. వెళ్లకుండా ఉండలేకపోయింది. తెర మీద ముందు నాలుగో అట్ట పడింది, తర్వాత ప్రత్యక్ష ప్రవాహ భావన అని పెద్ద అక్షరాలు. గైడు పిల్లల మాటలు గొంతు మార్చి, ముద్దుముద్దుగా చదివాడు. "మొత్తం ఎలా పడుతుందక్కా అందులో? కొంచెం కొంచెంగా!" హాలంతా గొల్లున నవ్వింది. పక్కన కూర్చున్న ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "ఎంత ముద్దొస్తున్నారో!" అంది. తొట్టి మాట ఎక్కడా రాలేదు.

ప్రశ్నలు అడగమన్నప్పుడు బొమ్మలక్క లేచింది.

"ఆ బడి తొట్టిలో పావురాలు కుళ్లుతున్నాయి. పిల్లలు ఏడాదిపాటు ఆ నీళ్లు తాగారు. వాళ్లు చెప్పింది ఊహ కాదు. ఈ సంగతి సార్‌కి ముందే తెలుసు. రెండు వారాలు ఎవరికీ చెప్పొద్దన్నారు. ఎందుకు?"

ముందు వరసలో ఒకాయన నోటి దాకా తీసుకెళ్లిన గ్లాసు దించి బల్ల మీద పెట్టాడు. గైడు నవ్వాడు. "మా విద్యార్థిని. పిల్లలంటే మహా ప్రేమ. భావోద్వేగం, పరిశోధన వేరు వేరని మనందరం ఒక వయసులో నేర్చుకున్నదే," అన్నాడు. అధ్యక్షుడు గడియారం చూసుకుని, టీ విరామం అన్నాడు. టీ దగ్గర ఒక పెద్దమనిషి ఆమె దగ్గరికొచ్చి, చాలా ధైర్యంగా మాట్లాడావమ్మా అని మెచ్చుకుని, ఆ పిల్లలు గీసిన బొమ్మలేమైనా ఉంటే తన పుస్తకం అట్ట మీదికి ఇస్తావా అని అడిగాడు.

ఆమె టీ తాగకుండానే బయటికొచ్చి, నేరుగా విశ్వవిద్యాలయం ఆఫీసుకి వెళ్లి, గైడు మార్పు కోసం దరఖాస్తు అడిగింది. కారణం అన్నచోట ఒక్క గీత జాగా ఉంది. ఆ గీత మీద ఆమె ఇలా రాసింది: ఈయన దగ్గర కూర్చుంటే కడుపులో తిప్పుతోంది.

గుమస్తా కళ్లజోడు పైకి జరుపుకుని చదివాడు. "ఇలా రాస్తే కుదరదమ్మా. అయినా ఆరోగ్య సమస్య అంటే సెలవు కాగితం వేరే ఉంటుంది."

"నా ఆరోగ్యం బాగానే ఉంది."

"పోనీ, వ్యక్తిగత కారణాలు అని రాయండి. అందరూ అదే రాస్తారు."

"వ్యక్తిగతం కాదండీ. రాసింది రాసినట్టే పంపండి."

గుమస్తా గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని, "ఆయన మీద ఇది మూడోది," అన్నాడు నెమ్మదిగా. ముద్ర వేసి, కాగితం దొంతర అడుగున పెట్టాడు.

నాలుగు నెలలు పట్టింది. కొత్త గైడు ఒక ముసలావిడ. పెద్దగా మాట్లాడదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమంది. ఒక ఏడాది పోయింది. అడిగినవాళ్లకి బొమ్మలక్క ఆ సంగతి దాచకుండానే చెబుతుంది. డాబా మీద తొట్టి, కాళ్ల కింద మెత్తదనం, హాల్లో నవ్వు, అన్నీ చెబుతుంది. కమలాపండు తొన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగిపోతుంది. అది చేతిలోకి తీసుకున్నానని చెప్పడానికి ఆమెకి ఇప్పటికీ నోరు రాదు.